హక్కును తగవును

తగవు అను తెలుగు మాటకు రెండర్థములు కలవు. మన పూర్వులు తగవనగా న్యాయమనియు ఔచిత్యమనియు గ్రహించిరి. "ఇది నీకు తగవా?" యని పెద్దలడిగినచో, "ఇట్లు చేయుట నీకు తగునా?" యని వారి తాత్పర్యము. నేటి వాడుకలో తగవనగా కలహము. హక్కు అను మాట యట్లుగాక అరబ్బీ భాషనుండి పుట్టి, నవాబుల కచ్చేరీల వెంట మన యిండ్లలోనికి వచ్చినది. ఇప్పుడు మనకు హక్కు అను మాట మిక్కిలి పరిచితము; తగవు అను మాటకు పూర్వార్థము మాత్రము మరపున పడినది. మాటలకు పట్టిన యీ గతి మన మనస్సులకును పట్టినదేమోయని విచారింపవలసి యున్నది.

ప్రశ్న యిది. చట్టము నాకొక పని చేయుటకు అధికార మిచ్చినది. ఆ పని చేసినచో ఏ న్యాయస్థానమును నన్ను తప్పు పట్టజాలదు. అట్టిచో, ఆ పని నాకు తగునా యని నన్ను నేను వేరుగా ప్రశ్నించుకొనవలయునా, లేక చట్టము సమ్మతించుటయే చాలునా?

ఈ ప్రశ్నను విచారించుటకు బ్రిటను దేశపు చట్టమును, అచ్చటి యింటి యజమానుల, పని యజమానుల, సామాన్య గృహస్థుల వ్యవహారములను నిదర్శనముగా గైకొందును. అచ్చటి తీర్పులు శతాబ్దములుగా అచ్చుపడి, అందరును చదివి తర్కింపదగి యున్నవి. మన దేశపు న్యాయస్థానములును ఆ పద్ధతినుండియే చాలవరకు పుట్టినవి. అదియునుగాక నేడు వేలకొలది తెలుగు కుటుంబములు ఆ దేశమున అద్దెదారులుగను, ఉద్యోగులుగను, ఇండ్ల యజమానులుగను బ్రదుకుచున్నవి. కావున ఇది పరుల ముచ్చట మాత్రము కాదు.

ఇంగ్లండు ఉత్తరభాగమున యార్కుషైరు సీమలో బ్రాడుఫర్డు అను పట్టణము కలదు. ఉన్ని పరిశ్రమకు అది ప్రసిద్ధి. 19వ శతాబ్దమున జనము పెరుగగా, అచ్చటి పురపాలక సంఘమువారు సమీపమున నున్న ఊటలను సంపాదించి పట్టణమునకు నీరు తెచ్చుకొనిరి. ఆ ఊటలకు ఎగువన పికిల్సు అను నాతనికి భూమి కలదు. ఆ భూమిలో ఇంకిన నీరు నియతమైన కాలువ లేక, రాళ్ల సందులనుండి జాలువారి ఊటలను చేరుచుండెను. పికిల్సు తన నేలలో సొరంగము త్రవ్వ మొదలిడెను. రాయి తీయుటకు నేలలోని నీటిని తొలగించుకొనుచున్నానని ఆతని వాదము. నీటిని మళ్లించి, ఊరివారిని చిక్కులబెట్టి, తన భూమినో నీటినో అధికమైన వెలకు అంటగట్ట జూచుచున్నాడని సంఘమువారి వాదము.

మొదటి న్యాయాధిపతి సంఘమువారి పక్షమున తీర్పు చెప్పెను. అప్పీలు న్యాయస్థానము దానిని త్రోసివేసినది. కడకు 1895 జూలై నెలలో ప్రభువుల సభ పికిల్సు పక్షముననే నిర్ణయించినది. ఆ తీర్పు సారాంశ మిట్లుండును: తన నేలలో ఇంకిన నీటిని తీసికొనుటకు భూస్వామికి హక్కు కలదు. హక్కు గలిగిన పని దురుద్దేశముతో చేసినంతమాత్రమున అక్రమము కాదు. హక్కు లేని పని సదుద్దేశముతో చేసినంతమాత్రమున సక్రమమును కాదు. కావున పికిల్సు మనస్సున ఏమున్నదో న్యాయస్థానము విచారింపనక్కర లేదు.

ఈ తీర్పును విన్నవెంటనే మనలో చాలమంది ముఖము చిట్లింతురు. కాని దానికి గల బలమును గుర్తింపకపోవుట న్యాయము గాదు. మనస్సులోని ఉద్దేశమును తెలిసికొనుట సులభము కాదు. న్యాయాధిపతి ప్రతి గృహస్థుని గుండెలోనికి తొంగిచూచి, "నీ విది ప్రేమతో చేసితివా, పగతో చేసితివా?" యని అడుగ నారంభించినచో, ఆస్తి గలవానికి గాని లేనివానికి గాని నిలుకడ యుండదు. లోకమునకు నచ్చనివాడు చేసిన ప్రతి పనియు దురుద్దేశముగనే కనబడును. వితంతువును వివాహమాడినవానిపైనను, కులమునకు వెలియైనవానిపైనను ఊరివారెట్టి యుద్దేశముల నారోపించిరో మన సంస్కరణ చరిత్ర నెరిగినవారికి చెప్పనక్కరలేదు. ఉద్దేశములను విచారింపని చట్టము ఒంటరివానికి ఒక కోట. ప్రభువుల సభ ఆ కోటను కాపాడినది.

అయినను కోటలో నున్నవాడు చేయునదెల్ల మంచిదని దాని యర్థము కాదు. ఇతర దేశములవారు ఈ ప్రశ్నకు వేరు సమాధానము చెప్పిరి. ఫ్రాన్సులో కోల్మారు న్యాయస్థానము ఎదుట 1855లో ఒక వ్యాజ్యము వచ్చినది. ఒకడు తన యింటి కప్పుపై పొగగొట్ట మొకటి కట్టించెను. దాని క్రింద పొయ్యి లేదు, దానినుండి పొగ రాదు. పొరుగువాని కిటికీకి వెలుతురు రాకుండ చేయుటయే దాని ప్రయోజనము. న్యాయస్థానము దానిని కూల్చివేయించినది. తన కేమియు లాభములేక, పరునికి కీడు చేయుటకే వినియోగింపబడు హక్కు హక్కే కాదని అచ్చటి సిద్ధాంతము. 1900లో అమలునకు వచ్చిన జర్మను పౌరస్మృతియందును, పరునికి హాని చేయుట తప్ప వేరు ప్రయోజనము లేనిచో హక్కును వినియోగింపరాదని ఒక ప్రకరణము కలదు.

ఇంగ్లండు చట్టమైనను అంతట నొక్క తీరున పలుకలేదు. 1893లో ఒక వ్యాజ్యము నడచినది. ఒక యింట సంగీత పాఠములు జరుగుచుండెను. నడిమి గోడ కావలనున్న పొరుగువాడు విసిగి, ఆ సమయముననే గోడను బాదుచు, పళ్లెములు మ్రోగించుచు, ఈలలు వేయుచు, అరచుచు నుండెను. అది ద్వేషముతో చేసినదగుటచేతనే ఆతని నాపవలయునని న్యాయాధిపతి ఆజ్ఞాపించెను. 1936లో వేరొకడు, పొరుగున వెండినక్కలను పెంచువానికి నష్టము కలిగింపగోరి, ఆడునక్కలు ఈను కాలమున తన సరిహద్దునందే తుపాకులు పేల్పించెను. తన నేలపై తుపాకి పేల్చుట తన హక్కేయని ఆతడు వాదించినను న్యాయస్థానము అంగీకరింపలేదు. నీటి విషయమున ఉద్దేశము నడుగని చట్టమే, చప్పుడు విషయమున ఉద్దేశమును అడిగినది. చప్పుడు విషయమున హక్కనునది పొరుగువాడు సహింపదగినంత వరకే గలది గాన, ద్వేషము ఆ హద్దును దాటించుననియు, ఇంకిన నీటి విషయమున అట్టి హద్దు లేదనియు న్యాయవాదులు సమన్వయము చెప్పుదురు. న్యాయవాదికి అది చాలును. నీరు లేని యింటి యిల్లాలికి మాత్రము ఆ సమన్వయము దాహము తీర్పదు.

ఇంతవరకు విచారించినదానినుండి ఒక సంగతి తేలుచున్నది. చట్టము కొన్ని హక్కుల విషయమున కారణ మడుగును. కొన్నింటి విషయమున అడుగదు. కారణము చెప్పనక్కరలేని హక్కు గలవాడు క్రమముగా కారణమే లేకుండ వర్తించుటకు అలవాటు పడును. ఈ యలవాటునందే ప్రమాదము కలదు. బ్రిటనులో గడచిన నూటయేబది యేండ్ల సాంఘిక శాసనచరిత్రలో ఒక ముఖ్యభాగము, కారణము చెప్పనక్కరలేని బలవంతునిచేత కారణము చెప్పించుటయే యని నా యభిప్రాయము. రెండు రంగములను చూతము.

మొదటిది ఇల్లు. లండనులోని నాటింగుహిల్లు ప్రాంతమున రాక్మను అను నొక ఇండ్ల యజమాని 1950ల తరువాతి భాగమున అద్దెదారులను భయపెట్టి వెడలగొట్టుటలో అపకీర్తి గడించెను. ఆతని పేరు ఇంగ్లీషు నిఘంటువులలో అట్టి దౌర్జన్యమునకు పర్యాయపదమైనది. అద్దెల నియంత్రణను సడలించిన 1957 నాటి శాసనము ఇట్టివారికి ప్రోత్సాహ మిచ్చినది. 1965 నాటి శాసనము మరల రక్షణ కల్పించినది. న్యాయస్థానము నాశ్రయింపక, తాళములు మార్చియో సామాను వీధిని వేసియో అద్దెదారును వెడలగొట్టుట నేరమని 1977 నాటి శాసనము స్పష్టముగా చెప్పుచున్నది.

కాని 1988 నాటి గృహశాసనములోని 21వ ప్రకరణము యజమానికి వేరొక మార్గము చూపినది. ఒప్పందపు గడువు తీరిన పిమ్మట, రెండు మాసముల నోటీసు ఇచ్చి, ఏ కారణమును చెప్పక ఇంటిని ఖాళీ చేయించుకొనవచ్చును. అద్దె సకాలమున చెల్లించుచున్నను, ఇంటిని అద్దమువలె ఉంచుకొన్నను, పిల్లలు ఆ వీధి బడిలో చదువుచున్నను, ఆ ప్రకరణమునకు పట్టదు. దీని ఫలితము వెళ్లగొట్టబడినవారిపై మాత్రమే పడలేదు. వెళ్లగొట్టబడనివారి నోళ్లపైనను పడినది. గోడకు చెమ్మ వచ్చినదని చెప్పుకొన్నచో ఇల్లే పోవునేమో యని భయపడు అద్దెదారు నోరు మెదపడు. ఇట్టి పగతీర్చుకొను నోటీసులను కొంత అరికట్టుటకు 2015లో ఒక శాసనము చేసిరి. స్థానిక ప్రభుత్వము ఇంటిని బాగుచేయుమని ఉత్తరువు చేసినచో, ఆరు మాసములవరకు ఆ ప్రకరణము క్రింద నోటీసు చెల్లదని అది విధించినది.

చెమ్మ యనగా చిన్న విషయమని తలపరాదు. ఇంగ్లండులోని రాచుడేలు పట్టణమున, వ్యక్తులకు గాక ఒక సంస్థకు చెందిన అద్దె యింట నివసించు రెండేండ్ల బాలుడు 2020 డిసెంబరులో మరణించెను. ఇంటి గోడలకు పట్టిన బూజును బహుకాలము పీల్చుటచే కలిగిన శ్వాసకోశ వ్యాధియే ఆ మరణమునకు కారణమని 2022లో మరణవిచారణాధికారి తేల్చెను. ఆ బాలుని తండ్రి 2017 నుండియే మొరపెట్టుకొనియుండెను; బూజుపై రంగు వేసికొమ్మని ఆతనికి సలహా దొరకినది. పిమ్మట 2023లో చేసిన శాసనమునకు ఆ బాలుని పేరే వాడుకయైనది. అట్టి సంస్థలు ప్రమాదకరమైన చెమ్మను, బూజును నియమిత కాలములో విచారించి బాగుచేయవలయునను నిబంధనలు 2025 అక్టోబరునుండి అమలునకు వచ్చినవి. చట్టము వచ్చినది; కాని ఒక తల్లి ఒడి ఖాళీయైన పిమ్మట వచ్చినది. ఆ గోడకు మందు వేయించుటకు చట్టము రావలసియుండెనా? తగవు తెలిసిన మనుష్యుడొకడు వచ్చి చూచిన చాలకుండెనా?

స్కాట్లండులో 2017 డిసెంబరు తరువాత జరిగిన సామాన్యపు అద్దె ఒప్పందములకు కారణము చెప్పక ఖాళీ చేయించు అధికారము లేదు. ఇంగ్లండులో 2025 అక్టోబరున రాజామోదము పొందిన అద్దెదారుల హక్కుల శాసనము, 2026 మే 1వ తేదీని 21వ ప్రకరణమునకు ముగింపుగా నిర్ణయించినది. ఈ పద్ధతిలో యజమాని తానా యింట నివసింపగోరినను, అమ్మగోరినను ఆ మాట చెప్పి నాలుగు మాసముల గడువీయవలయును. అదియు ఒప్పందపు మొదటి పండ్రెండు మాసములలో పనికిరాదు. అమ్ముదునని చెప్పి ఖాళీ చేయించి, వెంటనే వేరొకరికి అధికమైన అద్దెకిచ్చుటకు వీలులేకుండ పండ్రెండు మాసముల నిషేధమును విధించిరి.

ఇందు యజమానుల కష్టమును మరువరాదు. ప్రతి యజమానియు రాక్మను కాడు. జీవితమంతయు కూడబెట్టి, బ్యాంకునొద్ద అప్పుచేసి, ముసలితనమునకు ఆధారముగా ఒక్క యిల్లు కొన్నవారును యజమానులే. అద్దె చెల్లింపని వానిని వెడలించుటకు న్యాయస్థానముల చుట్టు తిరుగుట వారికి గొప్ప శిక్ష. కొత్త శాసనమునందును మూడు మాసముల అద్దె బాకీపడినచో ఇంటిని తిరిగి పొందుటకు మార్గము కలదు. శాసనము యజమాని హక్కును తీసివేయలేదు. ఆతని మౌనమును మాత్రము తీసివేసినది. "ఏల?" యని అద్దెదారు అడిగినప్పుడు బదులు చెప్పుమనుచున్నది.

రెండవ రంగము కొలువు. 19వ శతాబ్దపు బ్రిటనులో పనివాడు ఒప్పందమును మీరినచో అది నేరము, చెరసాల. యజమాని మీరినచో అది సొమ్ము బాకీ మాత్రమే. ఒకే కాగితముపై చేసిన రెండు సంతకములకు రెండు తీరుల ఫలము. 1875లో పార్లమెంటు ఈ భేదమును తొలగించి, ఇరువురను సమానముగా పౌరన్యాయమునకు లోబరచినది. తమ దేశమున తొలగించిన దానిని మన దేశమున మాత్రము వారు వెంటనే తొలగింపలేదు. ముందుగా సొమ్ము పుచ్చుకొని పని మానిన కూలివానిని చెరకంపుటకు వీలుగా 1859లో చేసిన శాసనము 1925 వరకు మన పుస్తకములలో నుండెను. చట్టసమ్మతి యనునది సముద్రమునకు ఈవల నొకటి, ఆవల నొకటి కాగలదని ఇది చెప్పుచున్నది. సముద్రము దాటిన మాత్రమున తగవు మాత్రము మారునా?

నేరపు భేదము పోయినను, నోటీసు గాని దానికి బదులు జీతము గాని ఇచ్చినచో, యజమాని కారణము చెప్పకయే పనివానిని బర్తరఫు చేయవచ్చునను నియమము ఇంకను నూరేండ్లు నిలిచినది. అన్యాయముగా తొలగింపబడకుండ హక్కు 1971 నాటి శాసనముతో మొదటిసారి కలిగినది. యజమాని తగిన కారణము చూపవలయును. ఆ కారణమునుబట్టి తొలగించుట సమంజసమని ట్రిబ్యునలునకు తోపవలయును. 2012 నుండి ఈ హక్కు పొందుటకు పనివాడు సామాన్యముగా రెండేండ్లు కొలువున నుండవలయునను నియమము కలదు. 2025 డిసెంబరున ఆమోదము పొందిన శాసనము ఈ కాలమును ఆరు మాసములకు తగ్గించుచు, ఆ మార్పునకు 2027 జనవరిని గడువుగా నిర్ణయించినది.

కారణ మడుగు హక్కున్న చాలదు; అడుగుటకు శక్తియు నుండవలయును. 2013లో ప్రభుత్వమువారు ఉద్యోగపు వ్యాజ్యములకు రుసుము విధించిరి. అన్యాయపు తొలగింపును గూర్చి విచారణవరకు పోవుటకు 1,200 పౌనులు కట్టవలసి వచ్చెను. వ్యాజ్యములు దాదాపు మూడింట రెండు వంతులు తగ్గిపోయినవి. అన్యాయములు తగ్గినందున కాదు, అడుగుట ప్రియమైనందున. 2017 జూలైలో సుప్రీముకోర్టు ఆ రుసుము చట్టవిరుద్ధమని కొట్టివేసినది. న్యాయస్థానము వాకిలి తెరచియుండుట ఆ వాకిట నిలిచినవానికి మాత్రమే గాక, రానివానికిని మేలు. యజమాని ఎల్లప్పుడును ఆ వాకిలిని తలచుకొని వర్తించునని ఆ తీర్పు భావము.

ఇక వేరొక ఉదాహరణము. 2022 మార్చి 17వ తేదీన పీ అండ్ ఓ ఫెర్రీసు అను ఓడల కంపెనీ సుమారు 800 మంది నావికులను ముందుగా చెప్పక ఒక్క దినమున తొలగించినది. ఇంతమందిని తొలగించుటకు ముందు కార్మికసంఘములతో సంప్రదింపవలయునని చట్టము. సంప్రదింపవలసియున్నదని తెలిసియే సంప్రదింపలేదని ఆ కంపెనీ ప్రధానాధికారి వారముదినములలో పార్లమెంటు సభ్యుల యెదుట ఒప్పుకొనెను. సంప్రదించినను సంఘములు ఒప్పుకొనవనియు, కావున పరిహారము చెల్లించితిమనియు ఆతని సమాధానము. చదువరులారా, ఇచ్చట గమనింపదగినదేమి? పికిల్సు తన హక్కును చూపి తగవును త్రోసివేసెను. ఈ కంపెనీవారు ఇంకొక మెట్టు దిగి, చట్టమునే వెలకట్టి కొనిరి. చట్టమున్నది గాన చాలునని తగవును మరచినవాడు, చట్టమే అడ్డు వచ్చినప్పుడు దానిని ఖర్చుల పద్దులో వ్రాసికొనుట వింతకాదు. తగవు అను పునాది లేని చట్టము సంతలోని సరకువంటిది.

ఇంతవరకు బలవంతుల మాట చెప్పితిని. సామాన్య గృహస్థునకు బలమెక్కడిదని అడుగుదురేమో. ప్రతి గృహస్థునకును ఒక బలమున్నది, అది వీలునామా. స్కాట్లండులో తల్లిదండ్రుల చరాస్తిలో కొంత భాగము పిల్లలకు చట్టముచే సిద్ధించును. దానిని వీలునామాతో తప్పింపజాలరు. ఇంగ్లండులో అట్లుగాదు, తన యాస్తిని తన యిచ్చవచ్చినవారికి వ్రాయవచ్చును. 1938లోను, పిమ్మట 1975లోను చేసిన శాసనములు మాత్రము, పోషణకు తగినంత ఏర్పాటు చేయకపోయినచో కుటుంబమువారు న్యాయస్థానము నాశ్రయింపవచ్చునని చెప్పినవి.

ఒక తల్లి 2004లో మరణించుచు దాదాపు 4,86,000 పౌనుల యాస్తిలో చాల భాగమును జంతురక్షణ సంస్థలకు వ్రాసి, ఏకైక పుత్రికకు ఏమియు మిగుల్పలేదు. ఆ పుత్రిక చేసిన తప్పేమి? పదునేడేండ్ల ప్రాయమున, 1978లో, తల్లికి ఇష్టములేని యువకునితో ఇల్లు విడిచిపోయెను. అప్పటినుండి తల్లీబిడ్డలు కలిసిమెలసి యుండలేదు. ఐదుగురు పిల్లల తల్లియై, ప్రభుత్వపు సహాయముపై బ్రదుకుచున్న ఆ పుత్రిక వేసిన వ్యాజ్యము ఏండ్ల తరబడి నడచి, 2017లో సుప్రీముకోర్టునందు ముగిసినది. మొదటి న్యాయాధిపతి ఇచ్చిన 50,000 పౌనులే స్థిరపడినవి. తల్లి కోరికకును విలువ కలదని న్యాయస్థానము గ్రహించినది.

ఈ తీర్పు తప్పని నే ననను. ఇల్లు, కొలువు, నీరు ఇవి పరుని బ్రదుకునకు ఆధారములు. అందు చట్టము కారణ మడుగుట ఉచితము. తన స్వార్జితమును ఎవరికీయవలయునో ప్రతివారిచేతను కారణము చెప్పించినచో, గృహస్థుని స్వేచ్ఛ కేమి మిగులును? చట్టము ఇచ్చట వెనుకాడుట మర్యాదయే. కాని చట్టము వెనుకాడిన చోటనే తగవు ముందుకు రావలయును. ఇష్టములేని పెండ్లి చేసికొన్నదను కోపము పాతికేండ్లు నిలిచి, కడపటి కాగితముపై సంతకమై మిగులుట ఆ తల్లికి తగునా? మన యిండ్లలోను కులాంతర వివాహము చేసికొన్న బిడ్డలకు వీలునామాలతో శిక్ష విధించిన తల్లిదండ్రులు లేకపోలేదు. వారిని ఏ న్యాయస్థానమును అడుగదు. అందుచేతనే వారు తమ్ము తాము అడుగుకొనవలయును.

ఇట్లు చెప్పినచో ఒక ఆక్షేపణ వచ్చును: "తగవు బలవంతపెట్టజాలదు, చట్టము బలవంతపెట్టగలదు. కావున మంచి చట్టములు చేయింపుడు. మనస్సాక్షి మాటలు మానుడు." ఈ యాక్షేపణలో సత్యము కలదు. దౌర్జన్యపరుడైన యజమాని యెదుట మనస్సాక్షిని గూర్చి ఉపన్యసించుట అద్దెదారునకు కప్పు కాదు. కాని చట్టము ఎచ్చటినుండి వచ్చుచున్నది? 1928 ఆగస్టులో స్కాట్లండులోని పెయిస్లీ పట్టణమున ఒక స్త్రీ, స్నేహితురాలు కొనిపెట్టిన అల్లపు పానీయమును త్రాగెను. ఆ నల్లని సీసాలో కుళ్లిన నత్త యుండెనని ఆమె వ్యాజ్యము. ఆమె కొనలేదు గాన ఒప్పందము లేదు. ఒప్పందము లేదు గాన తయారుచేసినవానిపై ఆమెకు హక్కు లేదని నాటి వాదము. 1932లో ప్రభువుల సభలో ముగ్గురు ఆమె పక్షమున, ఇద్దరు ఎదురుగ నిలిచిరి. లార్డు ఆట్కిను, పొరుగువాని ప్రేమింపుమను మత నియమమును చట్టము పొరుగువానికి హాని చేయకుము అని మార్చుకొనుననియు, నా పనివలన ఎవరికి దెబ్బ తగులునని నేను ముందుగా తలచుకొనవలయునో వారందరును నా పొరుగువారే యనియు నిర్ణయించెను. నిర్లక్ష్యమునకు సంబంధించిన నేటి చట్టమంతయు ఆ మాటపై పెరిగినది. అనగా చట్టము తనలో లేనిదానిని తగవునొద్దనుండి అరువు తెచ్చుకొన్నది.

అరువు కూడ పూర్తిగా తేలేదు. ఇంగ్లండు చట్టమున, తనకు సంబంధములేని పసివాడు లోతులేని నీట మునిగిపోవుచుండగా గట్టుపై నిలిచి చూచు పెద్దమనిషికి సామాన్యముగా ఏ శిక్షయు లేదు. హాని చేయకుమని చెప్పినది గాని, చేయి అందింపుమని చట్టము చెప్పలేదు. ఆ పెద్దమనిషి నిర్దోషి. అట్టి నిర్దోషిని మన యింట పీటవేసి కూర్చుండబెట్టుదుమా?

తగవు ముందు నడచును. చట్టము వెనుక వచ్చును. 1971కి పూర్వమే కారణము చెప్పక పనివానిని తొలగించుట తమకు తగదని తలచిన యజమానులు కొందరుండిరి గనుకనే, అది అసాధ్యము కాదని పార్లమెంటు నమ్మగలిగినది. నేటి సజ్జనుని అలవాటు రేపటి శాసనమునకు చిత్తుప్రతి.

బ్రిటనులోని మన తెలుగు సోదరసోదరీమణులకు దీనియందు ప్రత్యేకమైన పని యొకటి కలదు. కొత్తగా చదువునకు వచ్చిన పిల్లలు, మనవారి యిల్లే గదాయని కాగితము లేక గది తీసికొందురు. ధరావతు సొమ్మునకు రశీదు అడుగుటకు సిగ్గుపడుదురు. ఇంగ్లండు చట్టము ఇట్టి చోట సామాన్యముగా ధరావతును అయిదు వారముల అద్దెకు మించనీయదు. ఇంటినంతయు గాని, యజమాని నివసింపని యింటిలో గదిని గాని అద్దెకిచ్చినప్పుడు, ఆ సొమ్మును ముప్పది దినములలో గుర్తింపు పొందిన రక్షణ పథకమున ఉంచవలయును. ఉంచనిచో మూడింతలవరకు చెల్లింపవలసి రావచ్చును. రెండు గాని అంతకు మించి గాని కుటుంబములకు చెందిన అయిదుగురు ఒక యింట వంటగదిని పంచుకొన్నచో, యజమాని స్థానిక ప్రభుత్వమునుండి లైసెన్సు పొందవలయును. వీనిని తెలిసికొనుట అద్దెదారుల పని. కాని మనవాడను మాటను రశీదునకు బదులుగా వాడుకొనకుండుట యజమాని పని. మనవాడగుటచేత ఎక్కువ తగవు చూపవలయును గాని, తక్కువ కాగితము చూపరాదు.

అయినచో హక్కు వినియోగించునప్పుడు గృహస్థుడు దేనిని ప్రమాణముగా గొనవలయును? పైన చూచిన వ్యాజ్యములనుండియే రెండు ప్రశ్నలు దొరకుచున్నవి. నేను చేయబోవు పనికి గల నిజమైన కారణమును, దానివలన నష్టపడువాని ముఖము చూచి చెప్పగలనా? చెప్పగలిగినను, నాకు కలుగు మేలునకును ఆతనికి కలుగు కీడునకును ఏమైన పొంతన కలదా? అమ్మాయి పెండ్లికై ఇల్లమ్ముకొను యజమాని మొదటి ప్రశ్నకు జంకడు. నాలుగు మాసములకు ఆరు మాసములు గడువిచ్చుటకు రెండవ ప్రశ్న ఆతనిని ప్రేరేపించును. చెమ్మను గూర్చి మొరపెట్టినాడని పగబూనినవాడు మొదటి ప్రశ్నకే తల వంచుకొనును. పికిల్సు తన సొరంగపు నిజమైన కారణమును బ్రాడుఫర్డు వీధికుళాయి యొద్ద నిలిచి చెప్పగలిగి యుండినచో, ఆతనికి చట్టముతో పాటు తగవును తోడై యుండెడిది.

ప్రభువుల సభ ఆతని నడుగలేదు. అడుగకుండుటకు దానికి తగిన హేతువులు కలవు. మన కట్టి హేతువు లేదు. న్యాయాధిపతికి మన గుండె కనబడదు; మనకు కనబడును. చట్టము అడుగని చోట అడుగుటకే మనస్సాక్షి యున్నది. హక్కు గలవారు ఆ ప్రశ్నను తామే వేసికొన్ననాడు తగవు అను మాట మరల తన పూర్వార్థమును పొందును. వేసికొననినాడు అది నేటి యర్థముననే మన వీధులలోను, న్యాయస్థానముల వాకిళ్లలోను వినబడుచుండును.